రాలిపోయిన కొటేషన్ మార్కులు

రెండేళ్ళ కిందట ఒక ఉదయం ఆఫీసులో లిఫ్టు దగ్గర కళ్ళు తిరిగి పడిపోయాను. పెద్ద విషయమేమీ కాదని తర్వాత తేలింది కానీ, డాక్టరుగారు ఎందుకైనా మంచిదని ఈఈజీ రాశారు. తల మీద అక్కడక్కడా చల్లటి పేస్టు పూసి, వైర్లు అతికించి, ఆ టెక్నీషియన్ కుర్రాడు నాతో అన్నవి మూడే మాటలు: కళ్ళు మూసుకోండి, తెరవండి, కదలకండి. మధ్యలో మొహం మీద ఒక లైటు టపటపా వెలిగి ఆరింది. అంతా అయ్యాక ఉండబట్టలేక అడిగాను, "నేనేం ఆలోచిస్తున్నానో అందులో తెలుస్తుందా బ్రదర్?" అని. అతను వైర్లు చుట్టుకుంటూ, "కళ్ళు మూసిన్రా తెరిచిన్రా తెలుస్తది సార్. మిగతాది డాక్టర్ సార్‌ని అడగండి" అన్నాడు.

నాకు కాస్త నిరాశగానే అనిపించింది. ఎందుకంటే అప్పటికే నేను పుస్తక సమీక్షల్లో మెదడుని వాడుకోవడం మొదలుపెట్టాను. మంచి ఉపమానం చదివితే మెదడు వెలుగుతుందనీ, ఊహించని ముగింపుకి న్యూరాన్లు స్పందిస్తాయనీ, ఇలాంటి వాక్యాలు నా పాత సమీక్షల్లో మూడు చోట్ల ఉన్నాయి. నేను తెలుగు ఎమ్మే చెయ్యలేదు, అలంకారశాస్త్రం గురువు దగ్గర కూర్చుని చదవలేదు. చదివింది ఇంజనీరింగ్. ఒక కవిత బావుందని చెప్పడానికి నాకేం అధికారం ఉంది అన్న సందేహం వచ్చినప్పుడల్లా సైన్సుని సాక్షిగా పిలిచేవాణ్ణి. ఈ వ్యాసం ఆ సాక్షిని ఆలస్యంగానైనా క్రాస్ ఎగ్జామిన్ చేసే ప్రయత్నం.

అందుకోసం మూడు రాతల్ని ఎంచుకున్నాను. 1956లో వచ్చిన పిల్లుల పేపరు, 1980లో వచ్చిన వాక్యాల పేపరు, 2010లో మన సుప్రీంకోర్టు ఇచ్చిన ఒక తీర్పు. మూడూ చూసినదానికీ, విన్నదానికీ మెదడులో పుట్టే విద్యుత్తు గురించే. వీటిని సమాచారం కోసం కాకుండా, కథల పుస్తకాన్ని చదివినట్టే మాట మాటా చూస్తూ చదివాను. ఎవరు ఏ మాట వాడారు, ఎక్కడ ఆగారు, ఎవరు ఆగలేదు అన్నది నా ప్రశ్న.

ముందు కొంచెం వెనక కథ. 1875లో లివర్‌పూల్ డాక్టర్ రిచర్డ్ కేటన్ కుందేళ్ళ, కోతుల మెదళ్ళ మీద గాల్వనోమీటర్ తీగలు పెట్టి, అక్కడ సన్నటి కరెంటు ఉందనీ, కంట్లో వెలుతురు పడితే అది మారుతోందనీ చూశాడు. మనిషి తల మీద అదే పని చేసినవాడు జర్మనీలో యేనా ఊరి మానసిక వైద్యుడు హాన్స్ బెర్గర్. 1924లో మొదటిసారి నమోదు చేసి, ఐదేళ్ళపాటు తనని తానే అనుమానించుకుని, 1929లో ప్రచురించాడు. బెర్గర్ బయల్దేరింది టెలీపతీ కోసం. కుర్రతనంలో మిలిటరీలో ఉండగా గుర్రం మీంచి పడి చావు తప్పించుకున్న రోజునే ఎక్కడో ఉన్న వాళ్ళ అక్కకి ఏదో కీడు శంకించి టెలిగ్రాం ఇప్పించిందట. ఆ సంగతి ఆమెకెలా చేరింది అన్న ప్రశ్న అతన్ని జీవితమంతా వదల్లేదు. చివరికి దొరికిందేమిటంటే, సెకనుకి సుమారు పదిసార్లు ఊగే ఒక లయ. కళ్ళు మూసుకుంటే అది పెరుగుతుంది, తెరిస్తే తగ్గిపోతుంది. మనసుల మధ్య తంతి వెతుక్కుంటూ వెళ్ళినవాడికి అందిన మొదటి కబురు, ఈ మనిషి కళ్ళు మూసుకున్నాడు అని. మా టెక్నీషియన్ చెప్పిందీ అదే.

1934లో కేంబ్రిడ్జ్‌లో అడ్రియన్, మాథ్యూస్ బెర్గర్ చెప్పింది నిజమేనని చూపించారు. అప్పటికే నోబెల్ బహుమతి అందుకున్న అడ్రియన్, తన తలలోంచి వచ్చిన లయని ఒక నీటి పురుగు నాడీముడి లోంచి వచ్చిన లయతో పోల్చాడు. ఆ పోలికలోని వినయం నాకు ఇష్టం. గీత ఊగుతోందంటే అక్కడ ఆలోచన జరుగుతోందని కాదు.

ఇప్పుడు పిల్లి దగ్గరికి వద్దాం. హెర్నాండెజ్ పియోన్, షెరర్, జువే అనే ముగ్గురు 1956లో 'సైన్స్' పత్రికలో అచ్చు వేసిన చిన్న పేపరు ఇది. మత్తు ఇవ్వని, మెలకువగా ఉన్న పిల్లి. చెవి నుంచి మెదడుకి వెళ్ళే దారిలో మొదటి మజిలీ అయిన కాక్లియర్ న్యూక్లియస్‌లో ఎలక్ట్రోడ్. స్పీకర్లోంచి టిక్, టిక్ అని చప్పుడు. ప్రతి టిక్కుకీ గీత మీద ఒక ముల్లు లేస్తుంది. తర్వాత పిల్లి ముందు గాజు సీసాలో ఎలుకల్ని పెడతారు. పిల్లి వాటిని చూస్తున్నంతసేపూ టిక్కులు అవే, ముళ్ళు మాత్రం చిన్నవైపోతాయి. ఎలుకల్ని తీసేస్తే మళ్ళీ పెరుగుతాయి. పేపర్లో దీనికి మూడు వరసల బొమ్మ ఉంటుంది: తీరిగ్గా ఉన్న పిల్లి, ఎలుకల్ని చూస్తున్న పిల్లి, మళ్ళీ తీరిగ్గా ఉన్న పిల్లి. ఆదీ, సంఘటనా, ముగింపూ ఉన్న కథ. అందుకే ఆ బొమ్మ ఎన్నో పాఠ్యపుస్తకాల్లోకి ఎక్కింది.

కథ చెప్పేదేమిటి? ధ్యాస ఒకచోట పెడితే మెదడు మిగతా శబ్దాలకి గుమ్మంలోనే తలుపు వేసేస్తుందని. పరీక్షలకి చదువుకుంటుంటే అమ్మ భోజనానికి పిలిచిన పిలుపు వినపడని ప్రతివాడికీ ఇది నిజమనిపిస్తుంది. నాకూ అనిపించింది.

కానీ ఆ పేపరు శీర్షిక చూడండి. తెలుగులో చెప్పాలంటే, మత్తులేని పిల్లుల్లో "ధ్యాస" సమయంలో కాక్లియర్ న్యూక్లియస్ విద్యుత్ చర్యలో మార్పు. ధ్యాస అనే మాట కొటేషన్ మార్కుల్లో ఉంది. నాకు తెలిసి ఆ పేపర్లో అత్యంత జాగ్రత్తగా రాసినవి ఆ రెండు మార్కులే. పిల్లికి ధ్యాస ఉందని మేం కొలవలేదు, పిల్లి ఎలుకల వైపు చూస్తోంది, ఆ స్థితికి మీరూ మేమూ వాడే మాట ఇది, అని చెప్పడమన్నమాట.

ఆ జాగ్రత్త అవసరమేనని తర్వాతి ఏళ్ళలో తేలింది. వేరేవాళ్ళు రెండు అభ్యంతరాలు తెచ్చారు. ఎలుకల్ని చూసిన పిల్లి తల తిప్పుతుంది, చెవులు తిప్పుతుంది. స్పీకరు అక్కడే ఉన్నా చెవిలోకి చేరే చప్పుడు మారిపోతుంది. పైగా మధ్య చెవిలో ఉండే చిన్న కండరాలు బిగుసుకుంటే శబ్దం లోపలికి వెళ్ళకముందే తగ్గుతుంది. అంటే ముల్లు చిన్నదవడానికి కారణం మనసు తలుపు వెయ్యడం కావచ్చు, పిల్లి చెవి తిప్పడమూ కావచ్చు. గీత రెండింటికీ ఒకేలా ఉంటుంది.

అలాగని ధ్యాస భ్రమ అని తేలలేదు. 1973లో స్టీవెన్ హిల్యార్డ్ బృందం మనుషులకి హెడ్‌ఫోన్లు పెట్టి, రెండు చెవుల్లో రెండు రకాల బీప్‌లు వినిపించి, ఒక్క చెవినే పట్టించుకోమంది. తల తిప్పితే లాభం లేని ఏర్పాటు అది. పట్టించుకున్న చెవిలోని శబ్దానికి, దాదాపు సెకనులో పదో వంతు దగ్గర, అల పెద్దదైంది. ప్రశ్న పాతదే, ప్రయోగం మెరుగైంది. సైన్సు మీద నా ఫిర్యాదు ఏమీ లేదని ఇక్కడే చెప్పేస్తున్నాను. కొటేషన్ మార్కులు తీసెయ్యాలంటే ఇంత పని చెయ్యాలి. నేను మాత్రం ఏ పనీ చెయ్యకుండా తీసేశాను.

రెండో రాత నా వృత్తికి కాదు కానీ నా వ్యసనానికి బాగా దగ్గరిది. 1980లో మార్తా కుటాస్, అదే హిల్యార్డ్ కలిసి రాసింది. మనుషులని కూర్చోబెట్టి ఏడేసి మాటల వాక్యాల్ని తెర మీద ఒక్కో మాటగా చూపించారు. కొన్ని వాక్యాల్లో చివరి మాట అర్థానికి అతకదు. మన భాషలో అలాంటిది నేనొకటి కడతాను: తాతయ్య వేడన్నంలో ఆవకాయ కలుపుకుని పైన కాస్త సిమెంటు వేసుకున్నాడు. సిమెంటు దగ్గర మీకు ఏదో తగిలింది కదా. అలా తగిలిన మాట కనపడ్డాక సుమారు 400 మిల్లీసెకన్లకి రుణాత్మకంగా ఒక అల వస్తుంది. దాని పేరు ఎన్400.

అదే పేపర్లో ఇంకో ఏర్పాటు ఉంది. విమర్శకులు ఎక్కువ పట్టించుకోవలసింది దాన్ని. కొన్ని వాక్యాల్లో చివరి మాట అర్థానికి సరిగ్గా అతుకుతుంది, కానీ అక్షరాలు మిగతావాటికంటే పెద్దవి. అదీ ఆశ్చర్యమే. కానీ దానికి ఎన్400 రాలేదు, వ్యతిరేక దిశలో ధనాత్మకంగా వేరే అల వచ్చింది. కంటికి తగిలే వింతా, అర్థానికి తగిలే వింతా మెదడుకి ఒకటి కాదు. పాదాలు ముక్కలు చేసి, పేజీ నిండా మాటలు చల్లి, కొత్తగా రాశామని మురిసిపోయే కవితలు మనలో చాలామంది చదివే ఉంటాం. అవి చదివినప్పుడు నాకు ఈ పెద్ద అక్షరాలు గుర్తొస్తాయి. ఇది నా పోలిక మాత్రమే, ప్రయోగం చెప్పింది కాదు.

ఇక్కడిదాకా బాగానే ఉంది. ఆపద ఎక్కడంటే, ఊహించని మాటకి మెదడు స్పందిస్తుంది కాబట్టి ఊహించని మాట గొప్ప మాట అనుకోవడంలో. నేను సరిగ్గా అదే రాశాను, ఒక కథల సంపుటి గురించి. అల ఎంత పెద్దదైతే రచన అంత గొప్పదైతే, నా సిమెంటు వాక్యం మహాకావ్యం అవ్వాలి. నిజానికి అదే ఇద్దరూ 1984లో చూపించింది ఇంకా ఆసక్తికరమైనది. అర్థవంతమైన వాక్యాల్లో కూడా, మాట ఎంత తక్కువ ఊహించదగ్గదైతే ఎన్400 అంత పెద్దది. అంటే అది తప్పు దొరికినప్పుడు మోగే గంట కాదు. ప్రతి మాటకీ ఎంతో కొంత ఉంటుంది. ఈ మాటని ఇక్కడున్న అర్థంలో కలుపుకోవడానికి ఎంత పని పడింది అన్నదానికి దగ్గరగా ఉంటుంది. ఆ పని ఫలించిందా, వృథా అయిందా అన్నది దాని పరిధిలోది కాదు. మంచి కవితలో ఫలిస్తుంది, సిమెంటులో ఫలించదు. ఆ తేడానే కదా విమర్శ చెప్పవలసింది!

2006లో నెదర్లాండ్స్‌లో న్యూలాండ్, వాన్ బెర్కుమ్ చేసిన ప్రయోగం నాకు వీటన్నిటికంటే ఇష్టం. ఒక వేరుసెనగ గింజ గురించి చిన్న కథ వినిపించారు. గింజ డాన్సు చేస్తుంది, పాడుతుంది, ఇంకో అమ్మాయి గింజని తలుచుకుంటుంది. చివర్లో ఆ గింజ ప్రేమలో పడిందని చెబితే పెద్ద అల రాలేదు. ఆ గింజకి ఉప్పు పట్టించారు అని చెబితే వచ్చింది! లోకంలో వేరుసెనగలకి ఉప్పే పడుతుంది, ప్రేమ పుట్టదు. కథలోకి నాలుగైదు వాక్యాలు వెళ్ళేసరికి ఆ లెక్క తలకిందులైంది. ఏడు చేపల కథ వింటూ పెరిగిన మనకి ఇది కొత్త కాదు. అందులో చేపా, గడ్డిమేటూ, ఆవూ, చీమా వరసగా సంజాయిషీ ఇస్తుంటే ఏ పిల్లాడూ అడ్డం చెప్పడు. ఆ చీమ హఠాత్తుగా జవాబు చెప్పకుండా ఊరుకుంటే అప్పుడు చెబుతాడు. విమర్శకులు సందర్భం, ఔచిత్యం అని ఎప్పటినుంచో అంటున్నదాని నీడ ఒకటి ఈ అలలో కనిపించింది. సాక్షి నాకు అనుకూలంగా చెప్పిన మాట ఇదొక్కటే. అదీ నేను అడగని ప్రశ్నకి.

ఇంకో సంగతి ఉంది, దాని గురించి జనరంజక వ్యాసాల్లో ఎక్కువ రాయరు. ఇప్పటిదాకా నేను చెప్పిన మనుషుల అలలేవీ ఒక్కసారి చదివితే కనపడవు. ఒక మాటకి వచ్చే స్పందన కొన్ని మైక్రోవోల్టులు. దాని చుట్టూ మెదడు మామూలుగా చేసే రొద దానికి ఎన్నో రెట్లు. అందుకని ఒకే రకం వాక్యాల్ని పదులకొద్దీ చూపించి, మాట కనపడిన క్షణం దగ్గర అన్ని గీతల్నీ పేర్చి, సగటు తీస్తారు. యాదృచ్ఛికంగా ఉన్నది కొట్టుకుపోయి, ప్రతిసారీ ఉన్నది మిగులుతుంది. లండన్‌లో జార్జ్ డాసన్, కంప్యూటర్లు అందుబాటులో లేని రోజుల్లో మొదలుపెట్టిన పద్ధతి ఇది.

సగటు గురించి నా వృత్తి నాకు నేర్పింది ఒకటుంది. సర్వరు జవాబివ్వడానికి పట్టే సమయం సగటున బాగానే ఉందని గ్రాఫ్ చెబుతుంటే, అదే నిమిషంలో ఎవడో ఒక కస్టమరు తిరుగుతున్న చక్రం చూస్తూ కూర్చుని ఉంటాడు. సగటు అబద్ధం చెప్పదు. అతని గురించి చెప్పదు, అంతే. సాహిత్యంలో మనకి కావలసింది తరచూ అతని సంగతే. నాన్న పోయిన ఏడాది నేను చదివిన ఒక మామూలు కథ నన్ను రెండు రోజులు మాట్లాడనివ్వలేదు. మళ్ళీ చదివితే ఏమీ లేదు. ఆ మొదటి చదువుని ఏ సగటూ పట్టుకోలేదు, ఎందుకంటే అది రెండోసారి జరగదు. దాన్ని రొద కింద కొట్టేస్తారు. కొట్టెయ్యాలి కూడా, ప్రయోగం అలాగే జరగాలి. కానీ నేను ఆ సగటుని తెచ్చి నా చదువుకి సాక్ష్యంగా పెట్టడం తప్పు.

సమీక్షలో తప్పు రాస్తే ఎవరికీ జైలు పడదు. మూడో రాత దగ్గర పడుతుంది.

1965లో శామ్యూల్ సటన్ బృందం కనిపెట్టిన అల ఒకటి ఉంది, పీ300. మామూలు బీప్‌ల మధ్య ఎప్పుడో ఒక వేరే బీప్ వస్తే, దాన్ని మనం పట్టించుకుంటుంటే, దాదాపు 300 మిల్లీసెకన్ల దగ్గర ధనాత్మకంగా లేస్తుంది. ఇది నాకు ముఖ్యమైనది అని గుర్తుపట్టినప్పుడు వస్తుందని స్థూలంగా చెప్పుకోవచ్చు. అయితే నేరస్థలం ఫొటో చూపిస్తే నేరస్థుడికే వస్తుంది కదా, అన్న ఆలోచన ఇక్కడినుంచి పుట్టింది. మన దేశంలో దీనికి దగ్గరి బంధువులాంటి పద్ధతి ఒకటి బెంగళూరు నిమ్హాన్స్‌లో పనిచేసిన ముకుందన్ తయారుచేశారు. పేరు బియోస్. 2008లో పుణెలో ఒక హత్య కేసులో సెషన్స్ కోర్టు దాని రిపోర్టుని ఆధారాల్లో ఒకటిగా తీసుకుని జీవిత ఖైదు వేసింది. ప్రపంచ పత్రికలన్నీ ఆ వార్త రాశాయి.

ఆ పరీక్ష జరిగే తీరు కథలు చదివే ఎవరినైనా ఉలిక్కిపడేలా చెయ్యాలి. తల మీద ఎలక్ట్రోడ్లు పెట్టుకుని మనిషి మౌనంగా కూర్చుంటారు. ఒక గొంతు వాక్యాలు వినిపిస్తుంది. అవి ఉత్తమ పురుషలో ఉంటాయి. నేను ఫలానా దుకాణానికి వెళ్ళాను, నేను ఫలానాది కొన్నాను, ఇలా. అది కేవలం విన్న విషయమా, స్వయంగా అనుభవించిన జ్ఞాపకమా అని సాఫ్ట్‌వేర్ తేల్చి చెబుతుందని దావా.

ఆ "నేను" ఎవరు? రాసినవాళ్ళు దర్యాప్తు చేసేవాళ్ళు. చదివిన గొంతు ఇంకొకరిది. వింటున్న మనిషి ఒక్క మాటా అనలేదు. కథకుడూ రచయితా ఒకరు కాదని మనం కథల వర్క్‌షాపుల్లో మొదటిరోజే చెబుతాం. ఇక్కడ ఇంకెవరో రాసిన ఉత్తమ పురుష కథనాన్ని మౌనంగా విన్న శ్రోతని పట్టుకుని, ఇది నీ ఆత్మకథే అంటున్నారు. ఉత్తమ పురుషలో రాసిన మంచి కథ మనది కాని జ్ఞాపకాన్ని మనదిగా అనిపించడం మీదే బతుకుతుంది. ఆ పని నేను చెయ్యలేదు కదా అని తడుముకున్న పాఠకులకి ఇది తెలుసు. ఇక నెలలతరబడి అదే ఆరోపణ వింటూ, దాన్ని మనసులో వెయ్యిసార్లు తిప్పుకున్న మనిషి సంగతి చెప్పాలా?

2010 మే 5న సెల్వి వర్సెస్ కర్ణాటక ప్రభుత్వం కేసులో జస్టిస్ కె.జి. బాలకృష్ణన్ నాయకత్వంలో ముగ్గురు జడ్జీల ధర్మాసనం తీర్పిచ్చింది. నార్కో పరీక్ష, లై డిటెక్టర్, ఈ మెదడు పరీక్ష, మూడింటిలో ఏదీ మనిషి ఇష్టం లేకుండా చెయ్యడానికి వీల్లేదని, అది రాజ్యాంగంలో 20(3), 21 అధికరణాలకి విరుద్ధమని చెప్పింది. పొడుగైన తీర్పు, ఓపికతో చదవాలి. అందులో నన్ను ఆపింది ఒక చిన్న ఉదాహరణ. హత్య జరుగుతుంటే పక్కన నిలబడి చూసినవాడికి కూడా ఆ వివరాలు తెలుసు. పరీక్షలో అతని మెదడూ గుర్తుపడుతుంది. అంతమాత్రాన అతను హంతకుడు కాడు. అంటే గుర్తుపట్టడం వేరు, ప్రమేయం వేరు. ఇక్కడ ధర్మాసనం చేసింది విమర్శే అని నా అభిప్రాయం. గీత ఏం చెప్పగలదో అక్కడ గీత గీసి, అక్కడినుంచి మొదలయ్యే కథని ఎవరు కడుతున్నారో చూడమంది. 1956లో ముగ్గురు శాస్త్రవేత్తలు ధ్యాస చుట్టూ పెట్టిన కొటేషన్ మార్కుల్ని, యాభై నాలుగేళ్ళ తర్వాత ముగ్గురు జడ్జీలు ఎరుక చుట్టూ మళ్ళీ పెట్టారు.

నాకు తృప్తిగా లేనిది ఒకటుంది. తీర్పు ప్రధానంగా బలవంతం మీద నిలబడింది. మనిషి ఒప్పుకుంటే, మేజిస్ట్రేటు ముందు ఆ ఒప్పుకోలు నమోదైతే, పరీక్ష చెయ్యొచ్చు. ఆ ఫలితాన్నే సాక్ష్యంగా తీసుకోకూడదు కానీ, దాని సాయంతో తర్వాత దొరికిన వస్తువో, సమాచారమో చట్టప్రకారం పనికొస్తుంది. పోలీస్ కస్టడీలో ఉన్న మనిషి అవును అనడంలో ఇష్టం ఎంత, భయం ఎంత అన్నది ఒక మాట. పరీక్షకి ఒప్పుకోకపోతే ఏదో దాస్తున్నాడని టీవీలో చర్చ పెట్టడం మనం చూస్తూనే ఉన్నాం. రెండోది, ఇష్టపడి కూర్చున్నంత మాత్రాన అల అర్థం మారదు. పిల్లి ఒప్పుకుని కూర్చున్నా చెవి తిప్పుతుంది. తీర్పు బలవంతం గురించి నిలబెట్టినంత గట్టి గోడని అర్థం గురించి నిలబెట్టలేదు.

మెదడు చదవడం అనే మాటతో నా గొడవ ఇదే. చదవడం అనే మాటని మనం ఉదారంగా వాడతాం. మొహం చదివాడు, మనసు చదివేసింది, చెయ్యి చదువుతాడు. పుస్తకం చదివేటప్పుడు మాత్రం ఎవరు రాశారు, ఎవరితో చెబుతున్నారు, ముందు పేజీలో ఏముంది అని అడుగుతాం. వేరుసెనగ కథ చెప్పింది కూడా ముందు పేజీ లేకుండా మాటకి అర్థం లేదనే. గీతని చదివామంటున్నవాళ్ళు ముందు పేజీ అడక్కుండానే అర్థం చెబుతున్నారు. బెర్గర్ నుంచి కుటాస్ దాకా మంచి శాస్త్రవేత్తలెవరూ ఆ పని చెయ్యలేదు. చేసింది వాళ్ళ రాతల్ని సగం చదివిన మనం. ఆ మనంలో పోలీసులున్నారు, టీవీ యాంకర్లున్నారు, సమీక్షలు రాసే నేనూ ఉన్నాను.

నా ఈఈజీ రిపోర్టులో ఒకటే వాక్యం ఉంది, నార్మల్ లిమిట్స్‌లో ఉందని. నా బుర్ర గురించి ఇప్పటిదాకా వచ్చిన అతి పొట్టి సమీక్ష అదే, హద్దు దాటనిది కూడా.

పోయిన నెల పాత సమీక్షలు మూడూ తెరిచి, మెదడు వెలిగిన వాక్యాలు కొట్టేశాను. మొదటిదాంట్లో ఆ ఉపమానం ఎందుకు పనిచేసిందో రాస్తే సరిపోయింది. రెండోదాంట్లో, నిజం చెప్పాలంటే, ముగింపు నాకు నచ్చలేదు, మొహమాటానికి న్యూరాన్లని అడ్డం పెట్టుకున్నాను. అదే రాశాను. మూడోదాని దగ్గర ఆగిపోయాను. ఆ కథ నన్ను ఎందుకు పట్టుకుందో నాకింకా తెలియడం లేదు. మళ్ళీ చదవాలి.